నిండు చేతుల జాకెట్టు

నా చిన్నప్పుడు హౌరా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో తెలుగు ఆడవాళ్ళ ఒంటి మీద ఏ జాకెట్టు కనిపించినా అది మా మామ్మ కుట్టిందే అయి ఉండేది. మా నాన్న యార్డులో రైలుపెట్టెలు మరమ్మతు చేసే ఫిట్టరు. మామ్మ ఆయన తల్లి. మా రెండు గదుల ఇంట్లో కిటికీ పక్కన కాలితో తొక్కే మిషను ఉండేది. దాని పైన గోడకి వరసగా మేకులు. ఒక్కో మేకుకి ఒక్కో ఇంటివాళ్ళ కొలతలకి కత్తిరించిన పాత పేపరు ముక్కలు వేలాడుతూ ఉండేవి. ఫ్యాను వేస్తే అవన్నీ గలగలలాడేవి. అందుకని మామ్మ కుడుతున్నంతసేపూ, ఎంత ఉక్కగా ఉన్నా, మాకు ఫ్యాను ఉండేది కాదు.

మామ్మ జాకెట్టుకి ఒక పద్ధతి ఉండేది. మెడ ఎత్తుగా, వీపు నిండుగా, చేతులు మోచేతి దాకా ఉండాలి. తను వేసుకునేవైతే మణికట్టు దాకా ఉండి, చివర సన్నటి లేసుతో ముగిసేవి. బజారు దర్జీల దగ్గర జాకెట్టు చేతులు ఏటేటా రెండు వేళ్ళు పైకి పోతుంటే, మామ్మ ఒక్కతే పట్టుపట్టి కిందికి లాగుతూ ఉండేది. ఆదివారం చర్చి గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి వచ్చే ప్రతి ఆడమనిషినీ మెడ నుంచి నడుం దాకా చూసేది. ఒకసారి కొత్త పెళ్ళికూతురిని గుమ్మంలోనే ఆపేసింది. "ఈపంతా కనిపిస్తన్నాది. పైట నిండా కప్పుకో అమ్మా" అని అందరూ వినేలా అంది. ఆ అమ్మాయి ప్రార్థన అయ్యేదాకా తలెత్తలేదు. పాస్టరు గారు కూడా ఈ విషయంలో మామ్మకి అడ్డు చెప్పేవారు కాదు.

అడ్డు చెప్పింది మా అత్త ఒక్కతే. నాన్నకి చెల్లెలు, ఇంకా పెళ్ళి కాలేదు, హౌరా బ్రిడ్జి అవతల డల్హౌసీ వైపు ఒక ఆఫీసులో టైపిస్టు. ఆఫీసులో బెంగాలీ అమ్మాయిలతో కలిసి తనూ ఒక చేతుల్లేని జాకెట్టు కుట్టించుకుంది, లేత నీలం రంగుది. దాన్ని తొడుక్కుని పైట భుజం మీదుగా కప్పుకుని బయలుదేరుతుంటే మామ్మ పసిగట్టింది. ఆ సాయంత్రం అత్త ఉతికి ఆరేసిన జాకెట్టుని తీగ మీంచి తీసి, భుజం దగ్గర్నుంచి అడుగు దాకా కత్తెరతో కోసేసింది. అత్త ఏడవలేదు, అరవలేదు. ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడడం మానేసింది. రెండు గదుల ఇంట్లో ఇద్దరు మనుషులు మాట్లాడుకోకపోతే ఎలా ఉంటుందో, అలాంటి ఇంట్లో పెరిగినవాళ్ళకే తెలుస్తుంది. ఉప్పు అందించమని కూడా నా చేత చెప్పించుకునేవారు.

అది డెబ్బై ఒకటో సంవత్సరం. నాకు పదకొండేళ్ళు. తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధం మొదలై జనం సరిహద్దు దాటి వచ్చేస్తున్నారు. స్టేషన్లలో కాలు పెట్టడానికి చోటు లేదని నాన్న చెప్పేవాడు. ఇప్పుడు ఆఫీసు బస్సులు తిరిగే సాల్ట్ లేక్ అప్పుడు ఉత్త ఇసుక మేట. నీటి మడుగులు పూడ్చి, మురుగు కాలువల కోసం పెద్ద పెద్ద సిమెంటు గొట్టాలు తెచ్చి పడేసి ఉంచారు. ఆ గొట్టాల్లోనూ టార్పాలిన్ల కిందా సంసారాలు పెట్టుకుని వేలకి వేల మంది ఉంటున్నారు. వానలు మొదలయ్యాక కలరా వచ్చింది.

ఒక ఆదివారం పాస్టరు గారు చర్చిలో చెప్పారు. ఆ ఆడవాళ్ళు కట్టుబట్టలతో వచ్చారనీ, చీరలు కొన్ని అందుతున్నాయి కానీ జాకెట్లు ఎవరూ ఇవ్వడం లేదనీ, అవి లేక చాలామంది బయటికి రాలేకపోతున్నారనీ. మనం చేతనైనన్ని పోగుచేసి లారీలో పంపిద్దామన్నారు. ఆ పని మా మామ్మకి కాక ఇంకెవరికి అప్పగిస్తారు?

రెండు రోజుల్లో మా మంచం మీద జాకెట్ల గుట్ట పడింది. అందరూ పెట్టెల అడుగుల్లోంచి తీసి ఇచ్చారు. మామ్మ ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తూ, అది ఏ కాలానిదో నాకు చెప్పింది. అన్నిటికంటే పాతవి గుండీలు లేకుండా ముందు ముడి వేసుకునే రవికలు, మా ఊరి ముసలమ్మలవి. తర్వాత మిషనరీ స్కూళ్ళ దొరసానులు నేర్పిన నిండు చేతులవి, గొంతు దాకా మూసుకుని ఉండేవి. ఆ తర్వాత బుట్టచేతులు. అవి వేసుకున్న పిల్లలు పెళ్ళి ఫొటోల్లో భుజాల మీద రెండు బూరెలు పెట్టుకున్నట్టు ఉండేవారట. నేను పుట్టేనాటికి చేతులు మోచేతి దాకా వచ్చాయి. గుండీలు పోయి హుక్కులు వచ్చాయి. ఇక ఈ అయిదారేళ్ళలో చేతులు భుజానికి అంటుకుపోయాయి, వీపు దిగిపోయింది, నడుం దగ్గర నాలుగు వేళ్ళ మేర బట్ట మాయమైంది. గుట్టలో సగానికి పైగా ఈ కొత్త రకానివే.

మామ్మ వాటిని వేరే కుప్పగా పోసింది. వాటిని అలాగే పంపడానికి ఆవిడకి మనసొప్పలేదు. పాతవి కొన్ని విప్పి, ఆ బట్టతో కొత్తవాటికి చేతులు అతకడం మొదలుపెట్టింది. వీపులకి ముక్కలు వేసింది. నడుం దగ్గర పట్టీలు కలిపింది. పొద్దున్న కూర్చుంటే దీపం పెట్టేదాకా అదే పని. నేను స్కూలు నుంచి వచ్చి సూదుల్లోకి దారం ఎక్కించేదాన్ని. ఆ శనివారానికి లారీ సిద్ధంగా ఉందని పాస్టరు గారు కబురు పెడితే, ఇంకా అవలేదని చెప్పి పంపింది.

ఆ పూట అత్త మౌనం విడిచింది. గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఆళ్ళు వానలో తడుస్తన్నారట. ఉన్నవి ఉన్నట్టు పంపీరాదా?" అంది.

మామ్మ మిషను ఆపలేదు. "ఒకలికి బట్టిచ్చి సిగ్గు తీసీడమేటి? ఇస్తే నిండుగా ఇవ్వాల" అంది.

"నిండుగా అయ్యేసరికి ఆళ్ళుండాల గదా."

మామ్మ ఇంకో జాకెట్టు తీసి సూది కింద పెట్టింది. అత్త లోపలికి వెళ్ళిపోయింది. అలా ఇంకో వారం గడిచింది.

తర్వాతి శనివారం పొద్దున్నే లారీ ఎక్కాం. పాస్టరు గారు, ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు, మామ్మ, నేను. అక్కడికక్కడ ఏవైనా విడిపోతే కుట్టాలని సూదీ దారం పట్టుకుని, నన్ను కూడా తీసుకెళ్ళింది. హౌరా బ్రిడ్జి దాటి, ఊరు దాటి, బురద దారిలో లారీ కుదుపులతో వెళ్ళింది. సాల్ట్ లేక్ చేరకముందే వాసన తగిలింది. దాన్ని ఇక్కడ వర్ణించను. బ్లీచింగ్ పౌడరు వాసన ఎక్కడ తగిలినా ఈ వయసులో కూడా నాకు అన్నం సహించదు.

శిబిరంలో పనిచేసే కుర్రాళ్ళు ఒక నియమం చెప్పారు. ఎవరికి బట్ట కావాలో వాళ్ళే వచ్చి వరసలో నిలబడాలి, పిల్లల చేతికి ఇవ్వొద్దు, తీసుకెళ్ళి అమ్మేస్తున్నారు అని. నియమం అంటే మామ్మకి ఇష్టమే. లారీ వెనక బల్ల వేసుకుని, ఒక్కొక్క ఆడమనిషినీ కంటితోనే కొలిచి, సరిపోయేది తీసి ఇస్తూ వచ్చింది.

ఆ వరసలోకి నా వయసు పిల్ల ఒకత్తె వచ్చింది. తల మాసిపోయి, ఒంటి మీద మగపిల్లల చొక్కా. బెంగాలీలో, అమ్మకి ఒక జాకెట్టు ఇమ్మని అడిగింది. మామ్మది ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నా వచ్చీ రాని బెంగాలీ. అమ్మనే రమ్మని చెప్పు అంది. అమ్మ రాలేదు అంది పిల్ల. అయితే ఇవ్వడం కుదరదని మామ్మ తర్వాతి మనిషిని పిలిచింది. కాసేపటికి ఆ పిల్ల వరస చివర నుంచి మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే మాట. ఈసారి మామ్మ కోప్పడింది. "అబద్ధాలు సెప్తన్నాది. సూడు దాని కళ్ళు" అని నాతో తెలుగులో అంది. నేను చూశాను. ఆ కళ్ళలో నాకు అబద్ధమేమీ కనిపించలేదు. కానీ మామ్మకి ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు.

మధ్యాహ్నానికి మూటలు ఖాళీ అయ్యాయి. వరసలో ఇంకా ఎంతోమంది మిగిలిపోయారు. మేము బల్ల మడుస్తుంటే ఆ పిల్ల మూడోసారి వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. నా చెయ్యి పట్టుకుని లాగింది. నేను రెండడుగులు వేసేసరికి, నన్ను ఎక్కడికి తీసుకుపోతోందోనని మామ్మ కూడా మా వెనక వచ్చింది.

చాలా దూరం నడిచాం. వరసగా గొట్టాలు, నోళ్ళకి గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. ఒకదాని దగ్గర ఆ పిల్ల ఆగి పట్టా ఎత్తింది. లోపల ఒకామె మోకాళ్ళు గుండెకి పొదువుకుని కూర్చుని ఉంది. మా అత్త వయసు ఉంటుందేమో. నడుం చుట్టూ చీర ముక్క ఉంది. చీర కాదు, సగం చీర. పైన ఏమీ లేదు. మమ్మల్ని చూడగానే అటు తిరిగిపోయింది. ఆ వీపు మీద ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

మామ్మ గొట్టం అంచు మీద కూలబడింది. ఆ పిల్ల చెప్పిన మాటలు మామ్మకి కొంతే అర్థమయ్యాయి. బడిలో బెంగాలీ పిల్లలతో తిరిగేదాన్ని కాబట్టి, మిగతాది నేను తెలుగులో చెప్పాను. అమ్మ జాకెట్టు దారిలోనే పోయింది. ఎలా పోయిందో ఆ పిల్ల చెప్పలేదు, మామ్మ అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు. చీర చుట్టుకుని ఎలాగో ఇక్కడికి చేరారు. చీర మొత్తం ఉన్నన్నాళ్ళూ పైట చుట్టుకుని కూడా, పదిమంది మగవాళ్ళ మధ్య వరసలో నిలబడలేక అమ్మ బయటికి వచ్చేది కాదు. తిండి ఈ పిల్లే అడుక్కొచ్చేది. వీళ్ళతో ఒక చంటివాడు ఉన్నాడు. మంగళవారం పొద్దున్న వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టర్ల గుడారం అవతలి చివర ఉంది. చీకటి పడితే వెళ్దామని అమ్మ ఆగింది. పొద్దుగూకాక ఎత్తుకుని పరుగెత్తింది. దారిలోనే వాడు పోయాడు. వాడిని చుట్టడానికి అమ్మ చీర రెండుగా చింపింది.

"మంగళారం అన్నాదా? ఏ మంగళారం?" అని మామ్మ నన్ను అడిగింది.

నేను ఆ పిల్లని అడిగి చెప్పాను. "మొన్నటి మంగళవారమే మామ్మా. నాలుగు రోజులైంది."

అంతకు ముందు శనివారమే మా లారీ రావలసింది. ఆ లెక్క నాకు అప్పుడు తట్టలేదు. మామ్మకి తట్టింది. ఆవిడ ముఖం చూసి నాకు భయం వేసింది. కాసేపు తన చేతుల వంక తను చూసుకుంటూ కూర్చుంది. తర్వాత నన్ను పట్టా కిందికి దింపి పట్టుకుని నిలబడమంది. తను లోపలికి వంగి వెళ్ళింది. గుండీలు విప్పుతున్న చప్పుడు నాకు వినిపించింది. మామ్మ జాకెట్టుకి గుండీలు ఎక్కువ.

పట్టా ఎత్తి బయటికి వచ్చేసరికి, మా మామ్మ నాకు తెలియని ఎవరో ముసలమ్మలా ఉంది. పైట గుండెల చుట్టూ తిప్పి నడుం దగ్గర గట్టిగా దోపుకుంది. ఎముకలు తేలిన భుజం, ముడతలు పడ్డ తెల్లటి చెయ్యి వెలుగులో బయటపడ్డాయి. ఎండ ఎన్నడూ ఎరగని చర్మం అది. లోపల ఆమె మామ్మ నిండు చేతుల జాకెట్టులో ఉంది, వదులుగా వేలాడుతోంది. మామ్మ నా దగ్గర పిన్నులు తీసుకుని వెనక రెండు చోట్ల కుదించింది. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, డాక్టర్ల గుడారం దాకా నడిపించింది. కలరా రాకుండా వేసే సూది మందు వరసలో ఆమెతో పాటు తనూ నిలబడింది. చుట్టూ మగవాళ్ళు చూస్తున్నా పైట సర్దుకోలేదు. సూది వేయించుకున్నాక ఆమె ఆ జాకెట్టు లేసు చేతిని ముంజేతి దాకా కిందికి లాక్కుంది.

తిరిగి వచ్చేటప్పుడు వాన పట్టుకుంది. పాస్టరు గారు మామ్మని చూసి, తన పైకండువా ఇవ్వబోయారు. ఆవిడ వద్దంది. లారీలో ఒక మూల నన్ను దగ్గరికి తీసుకుని కూర్చుని, నాకు తన తల్లి సంగతి చెప్పింది. అంతకు ముందు ఎన్నడూ చెప్పలేదు.

ఆవిడ తల్లి, పెద్దమ్మ మా సొంతూరి వైపు నౌపడా ఉప్పుమళ్ళలో కూలీలు. కొత్తగా క్రైస్తవ మతంలో కలిశారు. రవిక లేని ఆడది చర్చి గుమ్మం దాటకూడదని అక్కడ నియమం. ఆ ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్కటే జాకెట్టు. ఒక ఆదివారం అక్క వెళ్ళేది, ఒక ఆదివారం చెల్లెలు. మామ్మకి తొమ్మిదేళ్ళప్పుడు తల్లి జ్వరంతో పోయింది. ఆవిడకి ఆ జాకెట్టు తొడిగి పంపాలని మామ్మ ఏడ్చిందట. కానీ ప్రార్థనకి పెద్దమ్మ లోపలికి వెళ్ళాలి కదా. అందుకని పెద్దమ్మ తొడుక్కుంది. తల్లి గుడ్డ చుట్టుకునే వెళ్ళిపోయింది.

"ఏ ఆడదీ గుమ్మం బయట ఉండిపోకూడదని కుట్టడం నేర్సినానే. నేర్సి నేర్సి ఆ గుమ్మంలో నానే నిలబడిపోనాను" అంది మామ్మ.

క్వార్టర్స్‌కి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. వాన వెలిసి అందరూ వరండాల్లో ఉన్నారు. లారీ దిగి మా ఇంటి దాకా ఒక వీధి పొడుగునా నడవాలి. మామ్మ మెల్లగా, తల వంచకుండా నడిచింది. మెడ దిగిందని ఆవిడ మందలించినవాళ్ళు, చేతులు పొట్టివని వెనక్కి పంపినవాళ్ళు అందరూ నిలబడి చూశారు.

గుమ్మంలో అత్త ఉంది. తల్లిని చూసి కంగారుగా ఎదురొచ్చి, తన పైట చెంగుతో ఆ తడి భుజాలు తుడిచింది. మామ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పది రోజులే. ఆళ్ళు సస్తంటే నాను సేతులు కుట్టుకుంటా కూకున్నానే" అంది. అత్త తల్లిని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

మర్నాటి నుంచి జాకెట్లు వచ్చినవి వచ్చినట్టే మూటలు కట్టారు, అత్తా మామ్మా కలిసే కట్టారు. నాలుగో రోజునే మళ్ళీ వెళ్ళాం. మామ్మ ముందు ఆ గొట్టం దగ్గరికే వెళ్ళింది. పట్టా ఎత్తితే లోపల వేరే కుటుంబం ఉంది. పక్క గొట్టంలో ముసలాయన చెప్పాడు, ఆమెకి కలరా తగిలిందని, ఎవరో మోసుకుపోయారని, మళ్ళీ రాలేదని. పిల్ల రెండు రోజులు అక్కడే కూర్చుని, తర్వాత ఎటో వెళ్ళిపోయిందట. ఆ సూది మందు ఆలస్యంగా పడిందో, పడినా పని చేయలేదో మాకు ఎవరూ చెప్పలేదు.

మామ్మ శిబిరం ఆఫీసుకి వెళ్ళింది. బల్ల వెనక కుర్రాడు ఓపికగానే ఉన్నాడు. లావుపాటి పుస్తకం తెరిచి, "నామ్ కీ?" అని అడిగాడు. పేరేమిటి అని.

మామ్మ నా వైపు చూసింది. నేను మామ్మ వైపు చూశాను. ఆ పిల్ల మూడుసార్లు మా ముందుకు వచ్చింది. నా చెయ్యి పట్టుకుని అంత దూరం నడిపించింది. తమ్ముడు ఎలా పోయాడో చెప్పింది. మేమిద్దరం దాన్ని పేరు అడగలేదు. తల్లి పేరూ అడగలేదు. ఆ కుర్రాడు కాసేపు చూసి పుస్తకం మూసేశాడు. మామ్మ సాయంత్రం దాకా గుడారం గుడారం తిరిగి, మగపిల్లల చొక్కా వేసుకున్న పదకొండేళ్ళ పిల్ల అని చెప్పి అడిగింది. అలాంటి పిల్లలు అక్కడ ఎంతమందో.

మామ్మ ఆ తర్వాత ఏడేళ్ళు బతికింది. ఎవరు ఎలా కుట్టమంటే అలా కుట్టింది. చర్చి గుమ్మం దగ్గర మళ్ళీ నిలబడలేదు. వెనక చాప మీద కూర్చునేది. ఆ రోజు గురించి ఎప్పుడైనా మాట వస్తే, పిల్ల దొరికుంటే మనింట్లోనే పెట్టుకుందుము కదా అనేది. అది నిజమో కాదో నాకు తెలియదు. రెండు గదుల ఇల్లు మాది.

నేను పెద్దయ్యాక ఒక ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగంలో చేరి, అందులోనే రిటైరయ్యాను. రోగి స్వయంగా రావాలి అన్నది అక్కడా నియమమే. రోజూ ఎవరో ఒకరు కిటికీ ముందు నిలబడి, మా అమ్మ రాలేదు, మా ఆయన లేవలేడు అనేవారు. వాళ్ళలో అబద్ధం చెప్పేవాళ్ళూ ఉండేవారు, కాదనను. అయినా ముందు పేరు అడిగి కాగితం మీద రాసుకునేదాన్ని. తర్వాత కుర్చీలోంచి లేచి, వాళ్ళ వెంట వెళ్ళి చూసేదాన్ని. పై అధికారులు చాలాసార్లు చీవాట్లు పెట్టారు. ఎందుకలా చేస్తానో వాళ్ళకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ఉద్యోగం లేదు, కిటికీ లేదు. అలవాటు మాత్రం పోలేదు. వీధిలో ఏ పిల్ల నా దగ్గరికి వచ్చి ఏది అడిగినా, నా నోటి వెంట వచ్చే మొదటి మాట, "నీ పేరేంటమ్మా?"